మా శోకానికి టీవీ కోడలు

మా ఆయన ఏడాదికొకసారి చచ్చిపోతాడు. రాఖీ పున్నమి దాటిన ఆదివారం, సూరత్ లింబాయత్‌లో మా తెలుగు బడి మైదానంలో, మా వాళ్ళంతా చూస్తుండగా పోతాడు. నేను ఆయన మీద పడి తొమ్మిది చరణాలు ఏడుస్తాను. ఆ ఏడుపుకు కరిగిపోయి అమ్మవారు ప్రత్యక్షమై ఆయన్ని లేపుతుంది. లేచిన మనిషి పెళ్ళాం వంక చూడడు. ముందు విగ్గు సర్దుకుంటాడు.

ఇది మా నాటకం. సాంచాలు నడపడానికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన మా తాతలు, మూటల్లో బట్టలూ గిన్నెలతో పాటు దీన్నీ కట్టుకొచ్చారు. సాంచా అంటే కరెంటు మగ్గం. కథలో పెద్ద చిక్కుముడులేమీ లేవు. ఒక నేతగాడు ఉంగరంలో దూరేంత సన్నటి చీర నేస్తాడు. అలాంటి చీర ఇంకో రాజ్యపు రాణి కట్టకూడదని రాజు అతన్ని చంపిస్తాడు. భార్య శోకం పాట ఎత్తుకుంటుంది. అమ్మవారు వస్తుంది. మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. రాజుకు కిరీటం ఉంటుంది, నేతగాడికి చావు ఉంటుంది, కానీ జనం వచ్చేది మాత్రం భార్య పాడే శోకం కోసం. పదిహేనేళ్ళుగా ఆ వేషం నేనే కడుతున్నాను కాబట్టి ఈ మాట అనడం లేదు. సరే, అందుకే అంటున్నాను.

ఆ శోకానికి ఒక కట్టడి ఉంది. మొగుడు బతికున్న ఆడది దాన్ని ఇంట్లో పాడకూడదు. మేడ మీదా పాడకూడదు, దారిలోనూ పాడకూడదు, అంట్లు తోముతూ గొణగకూడదు. ముఖానికి రంగు పూసుకుని స్టేజీ ఎక్కినప్పుడే నోరు తెరవాలి. రంగు ఉంటే ఏడ్చేది మనం కాదు, వేషం. సాధన చేసేటప్పుడు కూడా ఉత్త రాగమే తీయాలి, మాటలు మనసులోనే పెట్టుకోవాలి. ఇలాంటి నమ్మకాల మీద నాకు పెద్ద గురి లేదు. అయినా ఒక్కసారీ తప్పలేదు, మొగుడి మీద ఎంత మండినా సరే.

ఆ వేషం నాకు ఇచ్చింది మా అత్త. ఆమెకు ముందు మీసం తీసేసిన మగవాళ్ళే ఆ భార్య వేషం కట్టేవారు. మా అత్త మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు, ఆడది ఎగరడమేమిటని సగం మంది లేచి వెళ్ళిపోయారట. శోకం మొదలయ్యేసరికి అందరూ వెనక్కి వచ్చారట, చోటు దొరక్క కొందరు గోడెక్కారట. ఇది ఆమె చెప్పిన కథే. కాదనే ధైర్యం మా బస్తీలో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

మా మామ పోయిన రోజు ఆమె ఏడవలేదు. ఊరి నుంచి దిగిన చుట్టాలు గుండె కాదు బండరాయి అని చెవులు కొరుక్కున్నారు. ఆమె వచ్చినవాళ్ళకు చాయ్ అందిందా లేదా అని చూసుకుంది. ఆ ఏడు పండుగ దగ్గరపడుతుంటే నన్ను కూర్చోబెట్టి తొమ్మిది చరణాల మాటలూ అప్పజెప్పించుకుంది. "ఇగ నువ్వు పాడు. నాకు గిది యేషం గాదిప్పుడు" అంది.

ఆ ఏటి నుంచి ఆమె మొదటి వరుసలో నట్టనడుమ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను శోకం ఎత్తుకోగానే ఏడవడం మొదలుపెడుతుంది. తొమ్మిది చరణాలూ ఏడుస్తుంది. పాట అవగానే కొంగుతో ముక్కు తుడుచుకుని "దుమ్ము" అంటుంది. అది శ్రావణమాసం, సూరత్‌లో మోకాలి లోతు బురద తప్ప దుమ్మెక్కడిది? ఏడాదిలో ఆమె ఏడ్చేది ఆ ఒక్కరోజే. ఆ ఏడుపు ఎవరి కోసమో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అత్తకు ఒక్క ముక్క వినబడదు. వయసంతా ఖాతాలోనే గడిచింది. ఖాతా అంటే ఇక్కడ సాంచాల షెడ్డు. ఆ మోతలో పక్కన పిడుగు పడ్డా తెలియదు. మొదట సన్నటి చప్పుళ్ళు పోయాయి, తర్వాత మాటలు పోయాయి, చివరికి కుక్కర్ విజిల్ కూడా పోయింది. కానీ పెదవులు చూసి మాట పట్టేస్తుంది. ఆమె ఒక్కతే కాదు, ఖాతాలో పనిచేసిన వాళ్ళందరికీ ఈ విద్య అంతో ఇంతో వస్తుంది. నాకూ వచ్చు. అటు చివర సాంచా దగ్గర నిలబడ్డవాడు పోగు తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా, పెదవులు చూసే తెలుసుకోవాలి. అన్నిటికంటే బాగా పట్టుబడేవి అంకెలు, ఏ భాషవైనా సరే. ఎన్ని మీటర్లు అయింది, ఎన్నో నంబరు సాంచా ఆగింది అని రోజంతా అవే కదా. మా వాళ్ళ పెళ్ళిళ్ళకు వచ్చే కొత్త వియ్యంకులు ఈ సంగతి తెలియక మండపం అవతలి మూల కూర్చుని గుసగుసలాడుకుంటారు. పెట్టుపోతల మీద వాళ్ళన్న ప్రతి మాటా భోజనాల వేళకు వాళ్ళకే తిరిగొస్తుంది.

కాబట్టి మా అత్త ఏటా ఆ పాటను వినదు, చూస్తుంది. నా నోట్లో చూస్తుంది.

ఇక అసలు గొడవ. పోయినేడు మా సంఘం అధ్యక్షుడు ఎక్కడో గుజరాతీ సంగీత నాటకానికి వెళ్ళొచ్చాడు. ఈయన ఒకప్పుడు మా ఖాతాలోనే సాంచాలు నడిపాడు, ఇప్పుడు రింగ్ రోడ్ మార్కెట్లో చీరల దుకాణం ఉంది. ఆ గుజరాతీ నాటకంలో హీరో ఎవడో సీరియల్ నటుడట. పాడటం రాదట, నిలబడటం మాత్రం బాగా వచ్చట. హాలు కిక్కిరిసిపోయిందట. మరాఠీ మండలి వాళ్ళు కూడా టీవీ పాటల పోటీలో గెలిచిన కుర్రాడిని వాళ్ళ నాటకంలో రాజును చేశారట. అందరూ చేస్తుంటే మనమెందుకు ఊరుకోవాలని మా అధ్యక్షుడికి నిద్ర పట్టలేదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు!

సంఘం ఆఫీసుకు పిలిచి చల్లగా చెప్పాడు. "చెల్లె, ఈసారి భార్య యేషానికి హైదరాబాద్ నుంచి టీవీ హీరోయిన్ వస్తుంది."

"ఏ హీరోయిన్?"

చెప్పాడు. మా బస్తీలో ప్రతి ఇంట్లో రాత్రి పూట ఏడ్చే కోడలు. ఆరేళ్ళుగా అదే అత్త, అదే మెట్లు, అదే ఏడుపు. సీరియల్లో ఆ పిల్ల చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పళ్ళెం ఉంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు కిందపడుతుంది.

"మరి పాట?" అన్నాను.

"పాట ట్రాక్ ఉంటది. టీవీ పోటీల గెలిచిన పిల్లతోని పాడిపించినం, స్టూడియోల. ఈమె పెదవులాడిస్తే చాలు. తొమ్మిది చరణాలు అట్లనే ఉంచినం, పెద్దోళ్ళు ఒప్పుకోరని."

"మరి నేను?"

"చెలికత్తె లేదా? పక్కకు చెంబు పట్టుకొని నిలబడాలె. పబ్లిక్ గావాలె చెల్లె, పబ్లిక్. హజీరా ఫ్యాక్టరీల నుంచి పెద్ద ఇంజనీర్లు గూడ వస్తుండ్రు."

పబ్లిక్ ఎప్పుడు తక్కువయ్యారో అడుగుదామనుకున్నాను. మా నాటకానికి గోడలెక్కి మరీ చూస్తారు. కానీ నాకు కోపం వస్తే మాట ముందు రాదు, ఏడుపు ముందొస్తుంది. ఆయన ముందు ఉచితంగా ఏడవడం ఇష్టం లేక లేచి వచ్చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం. నేను అధ్యక్షుడి మీద కోపం చపాతీల మీద చూపించాను. ఆ రాత్రి మా ఇంట్లో అప్పడాలు తిన్నాం అనుకోవచ్చు.

మా ఆయనేమో ఆ వార్త విని పొయ్యి మీది పాలలా పొంగిపోయాడు. టీవీ కోడలు తన మీద పడి ఏడవబోతోంది! మర్నాడే కొత్త విగ్గు కొన్నాడు. మంచం మీద పడుకుని చావడం ప్రాక్టీసు చేశాడు. ఏ వైపు తల వాలిస్తే ముక్కు బాగా కనబడుతుందని నన్నే అడిగాడు. "ఎటు వాల్చినా ముక్కు మీదే గదా" అన్నాను. మా అమ్మాయి వేరే కంగారులో ఉంది. "మమ్మీ, మై తో సెల్ఫీ లూంగీ, నువ్వు జర గామెకు చెప్పవా" అని వెంటపడింది. ఇంట్లో నాకోసం బాధపడేవాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

మా అత్తకు ఆ సంగతి నేనే చెప్పాలి. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, పెదవులు బాగా కనబడేలా చెప్పాను.

"గా నమిలే పిల్లనా?" అంది.

ఆ సీరియల్ పిల్ల మీద మా అత్తకు మొదటి నుంచీ పడదు. టీవీలో అందరి మాటలూ పెదవుల మీద చదివేస్తుంది గానీ, ఆ పిల్ల మాటలు మాత్రం ఒక్కటీ అందవు. "నోట్లె ఏందో నములుతది" అని విసుక్కునేది. ఆ పిల్లది కర్ణాటక అనీ, తెలుగు రాదనీ, గొంతు వేరే ఎవరిదో అనీ మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. మా అత్త ఆ మాట ఆరేళ్ళ ముందే చెప్పింది, మేమే పట్టించుకోలేదు.

"ఆ పిల్లే" అన్నాను.

మా అత్త నా వైపు తిరిగి అంది: "మరి నాకు పాట ఎవరు చూపిస్తరు?"

అప్పటిదాకా నా వేషం పోయిందని ఏడ్చాను. ఆమె పాట పోయిందన్నది నాకు అప్పుడు తట్టింది. ఇంట్లో పాడి చూపించడానికి కట్టడి అడ్డం. నేను తప్పినా ఆమె తప్పనివ్వదు, పాడేది ఆమె కొడుకు చావు మీద కదా. మళ్ళీ ఆఫీసుకు వెళ్ళి, ఈసారి ఏడవకుండా, మా అత్త సంగతి అంతా చెప్పాను. అధ్యక్షుడు మంచివాడే, నిజంగానే బాధపడ్డాడు. "ఫ్లెక్సీలు కొట్టిచ్చినం చెల్లె" అన్నాడు. ఫ్లెక్సీ మీద అచ్చయింది బ్రహ్మరాత కంటే గట్టిది మా సంఘంలో.

నాటకం ఎప్పుడూ చీకటి పడ్డాక ఆడతాం. ఈసారి ఆ పిల్లకు సాయంత్రం విమానం ఉందని పట్టపగలు పెట్టారు. ముందు వరుసలో ఇనుప కుర్చీలు తీసేసి, పెళ్ళిళ్ళ సోఫాలు వేశారు. ఇంజనీర్లకూ చీరల సేఠ్‌లకూ అవి. మా ముసలివాళ్ళను స్టేజీకి ఎడమ పక్కన, డేరా గుంజ దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దారు. పదిహేనేళ్ళ చోటు పోయినా మా అత్త పెదవి విప్పలేదు. అదే నాకు భయమేసింది. మామూలుగా అయితే ఆ సోఫాలో సేఠ్ ఒళ్ళో అయినా కూర్చునేది.

తరగతి గదిలో మాకు మేకప్. ఆ పిల్ల అక్కడికి వచ్చింది. తిట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను గానీ, ఎదురుగా చూస్తే మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. జ్వరంతో వచ్చింది పాపం. చేతిలో పళ్ళెం లేకపోయేసరికి నాకే ఎవరినో చూసినట్టుంది. మాకు తెచ్చిన చాయ్ తనూ తాగింది. మా అమ్మాయికి సెల్ఫీ ఇచ్చింది, ఒకటి కాదు, ముక్కు బాగా వచ్చేదాకా.

"అక్కా, ఏడ్చే పాట ఎంత సేపు?" అంది వచ్చీరాని తెలుగులో.

"తొమ్మిది చరణాలు."

"నైన్?" కళ్ళు పెద్దవి చేసింది.

"మరి సచ్చినోడు లేవాలె గద బిడ్డా. మా ఆయన అంతకు తక్కువకు లేవడు."

నవ్వింది. "నాకు మాటలు రావు అక్కా. నేను నంబర్లు చెప్తా. వన్, టూ, త్రీ... సీరియల్లో అయితే కన్నడలో చెప్తా. ఎవరికీ తెలీదు."

"ఈడ తెలుస్తది" అన్నాను.

హాస్యం అనుకుంది. మళ్ళీ చెప్పాను, ఖాతా సంగతి, పెదవుల సంగతి. సగం అర్థమైందో లేదో, ఇంతలో ఆమెను ఫోటోలకు పిలిచారు. నేను చెప్పవలసింది చెప్పాను. ఇక దేవుడున్నాడు, ఫ్లెక్సీ ఉంది.

నాటకం మొదలైంది. ఆ పిల్ల స్టేజీ మీదకు రాగానే ఈలలే ఈలలు. నడక బాగుంది, చీర కట్టు బాగుంది, సరసం పాటలో మా ఆయన వంక ఎలా చూసిందంటే ఆయన తన మాటలు మరిచిపోయి నా మాటలు చెప్పాడు. జనం అదీ మెచ్చుకున్నారు. చెంబు పట్టుకుని పక్కన నిలబడి నేను లోపల ఉడికిపోతున్నాను. పదిహేనేళ్ళలో నా వంక ఒక్కనాడైనా అలా చూశాడా ఈ మనిషి?

రాజభటులు వచ్చారు, మా ఆయన పోయాడు. తల ప్రాక్టీసు చేసిన వైపే వాల్చాడు. శోకం ట్రాక్ మొదలైంది.

పాడిన పిల్ల ఎవరో గానీ బాగానే పాడింది, కాదనను. "పోగు తెగితే ముడివేస్తి రాజా, నువ్వు తెగితే నేనేడ ముడివేతు" అని డేరా అంతా మారుమోగింది. టీవీ కోడలు మోకాళ్ళ మీద కూర్చుని జనం వైపు ముఖం ఎత్తింది. కళ్ళలోంచి జలజలా నీళ్ళు. గ్లిజరిన్ లేదు, ఏమీ లేదు, ఎలా తెప్పించిందో! పెదవులు వణుకుతూ కదులుతున్నాయి.

వన్, టూ, త్రీ, ఫోర్.

పట్టపగలు. చివరి వరుసకు కూడా నోరు స్పష్టంగా కనబడుతోంది. మొదటి చరణం అయ్యేసరికి ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రెండో చరణంలో పాండేసర ఖాతాల నుంచి వచ్చిన కుర్రాళ్ళ వరుస మొత్తం ఆమెతో పాటు పెదవులు కదపడం మొదలుపెట్టింది. ఫార్టీ సిక్స్, ఫార్టీ సెవెన్. ఆ పిల్ల గుండెలు బాదుకుంటూ ఎంతో చక్కగా లెక్కపెడుతోంది, ఒక్క అంకె తప్పడం లేదు. మూడో చరణం చివర, వెనక నుంచి ఎవడో అరిచాడు:

"నూరైనయి! తాకా దింపుండ్రి!"

తాకా అంటే సాంచా మీద నేసిన బట్ట చుట్ట. మీటర్లు నిండగానే దింపమని ఖాతాలో రోజూ అరిచే అరుపే అది. ఇక చూడాలి. మైదానం మైదానమంతా పగలబడింది. ముసలివాళ్ళు కుర్చీల్లోంచి జారారు. శవమై పడుకున్న మా ఆయన పొట్ట ఎగిరెగిరి పడుతోంది. సోఫాల్లోని ఇంజనీర్లు మాత్రం పాట చెవులతో వింటున్నవాళ్ళు, ఇంత విషాదంలో ఈ జనానికి ఏమి పుట్టిందని వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

నాకూ నవ్వొచ్చింది, దాచడమెందుకు? కడుపు చల్లబడింది. అప్పుడు ఎడమ పక్క గుంజ దగ్గర మా అత్త కనబడింది.

ఆమె నవ్వడం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ పిల్ల నోటి వంకే చూస్తోంది. అంకెలు చూస్తోంది. ఏడాదంతా ఆగి ఆగి వచ్చిన మనిషికి అంకెలు దొరికాయి. కళ్ళు పొడిగా ఉన్నాయి. మా మామ పోయిన రోజు చాయ్ పోసిన ముఖమే అది.

నా నవ్వు ఆగిపోయింది. ముఖానికి రంగు ఉంది. కాళ్ళ కింద స్టేజీ ఉంది. చెలికత్తె ఏడవకూడదని ఏ కట్టడీ లేదు. ఇంత చిన్న సంగతి నాకు అంతదాకా ఎందుకు తట్టలేదో! చెంబు కింద పెట్టి, గుంజ వైపు తిరిగి, నాలుగో చరణం ఎత్తుకున్నాను. మైకు లేదు. ట్రాక్ హోరులో నా గొంతు నాకే వినబడలేదు. అయితేనేం, అది ఖాతాలో నాకు అలవాటే.

మా అత్త నన్ను చూసింది. లేచి, కుర్చీని బరబరా ఈడ్చి, స్టేజీ నడిమికి వీపు పెట్టి, పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుంది. హైదరాబాద్ హీరోయిన్‌కు వీపు పెట్టిన మనిషిని మా బస్తీ అదే మొదటిసారి చూడటం. ఆమె పక్క ముసలమ్మ ఎందుకా అని ఇటు చూసింది, చూసి తనూ కుర్చీ తిప్పుకుంది. తర్వాత ఆ వరుస తిరిగింది, దాని వెనక వరుస తిరిగింది. కుర్చీలు తిరిగిన మేరకు నవ్వు తగ్గింది. ఐదో చరణం సగానికి మైదానంలో ట్రాక్ తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఆ పిల్ల తెలివి గురించి కూడా చెప్పాలి. నవ్వు మొదలైనప్పుడే బెదిరింది. జనం తల తిప్పగానే నా వైపు ఒక్కసారి చూసింది, మొత్తం అర్థం చేసుకుంది. మధ్యలో లేచిపోలేదు, లెక్కపెట్టడం ఆపేసింది. ముఖం తీసుకెళ్ళి శవం ఛాతీలో దాచేసింది. ఇక నోరు కనబడదు. భుజాలు ఎగిరిపడుతూ చివరిదాకా అలాగే ఏడ్చింది. భేషైన పని, ఎవరైనా మెచ్చుకోవలసిందే. కాకపోతే ఆ ఛాతీ మా ఆయనది. శవం ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ గట్టిగా మూసుకుంది.

మా అత్త ఏడ్చింది. ఆరో చరణంలో మొదలై తొమ్మిదో చరణం దాకా. నాకూ ఏడుపు వచ్చింది, కానీ పెదవులు వంకర పోతే ఆమెకు మాట అందదని పళ్ళు బిగబట్టి పాడాను. పాట అయ్యాక ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏమందో నాకు అంత దూరం నుంచి కూడా కనబడింది. "దుమ్ము."

అమ్మవారు వచ్చింది, మా ఆయన లేచాడు, విగ్గు సర్దుకున్నాడు. ఇంజనీర్లు నిలబడి చప్పట్లు కొట్టారు. ఛాతీలో ముఖం దాచుకుని ఏడవడం ఎంత సహజంగా ఉందోనని ఒకాయన మైకులో పొగిడాడు. అధ్యక్షుడు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "సూపర్ హిట్ చెల్లె! వచ్చే ఏడు గూడ గిట్లనే చేద్దాం" అన్నాడు. గిట్లనే అంటే ఎట్లనో ఆయననే చెప్పమన్నాను. ఎవరో సేఠ్ పిలుస్తున్నాడని జారుకున్నాడు.

కారెక్కబోతూ ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇంట్లో సీరియల్ చూస్తూ కూడా ఇలాగే నవ్వుతారా?"

"నవ్వరు. మా అత్త తిడుతది" అన్నాను. పకపకా నవ్వుతూ వెళ్ళిపోయింది. మంచి పిల్ల. ఆ పళ్ళెం ఒక్కటి గట్టిగా పట్టుకుంటే బాగుండు.

ఇంకా పొద్దు ఉండగానే ఆటోలో ఇంటికి బయలుదేరాం. వెనక మా అత్త, నేను, సెల్ఫీలు చూసుకుంటూ మా అమ్మాయి. ముందు డ్రైవర్ పక్కన మా ఆయన, మెడ మీద రాజభటుల కత్తి రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఉధ్నా దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. మా అత్త నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"మూడు చరణాలు ఎగ్గొట్టినవ్."

నిజమే. మొదటి మూడు ఆ పిల్ల లెక్కల్లో పోయాయి. "లేటుగ తట్టింది అత్తా" అన్నాను.

"మరి గవ్వి ఎవరు పాడాలె?"

ఇప్పుడు నేను పాడకూడదు. రంగు కడిగేసుకున్నాను, స్టేజీ లేదు, మొగుడు ఎదురుగానే కూర్చున్నాడు. చేతులు తిప్పి చూపించాను, ఏం చెయ్యనని. ఆమె కొంగు సవరించుకుంది. కట్టడి మొగుడున్న ఆడవాళ్ళకే గానీ ఆమెకు లేదు. ఇన్నేళ్ళలో ఏనాడు పాడినా అడిగేవాడు లేడు. అయినా మామ పోయాక ఆమె నోటివెంట ఆ పాట నేను ఒక్కసారీ వినలేదు.

పాడింది. చెవులు లేని మనిషి పాడితే ఎలా ఉంటుందో అలాగే పాడింది. గొంతు ఎంత పైకి పోతోందో ఆమెకు తెలియదు, శ్రుతి ఎటు పోయిందో తెలియదు. మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు. "పోగు తెగితే ముడివేస్తి రాజా..." పక్క ఆటోలవాళ్ళు తలలు బయటపెట్టారు. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. మా ఆయన ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఊపాడు.

"అమ్మా! ఆపే! నేను ఇంక బతికే ఉన్న గదనే!"

మా అత్త అతని పెదవులు చూసింది.

"నీకు గాదురా. మీ నాయినకు" అని రెండో చరణం ఎత్తుకుంది.